ఎండ లైనులో క్వార్టరు

మార్గశిరం, రెండో ఆదివారం, ఉదయం. చలి, మా వైపు ఎండ ఇంకా రాలేదు. రాయగడలో మా ఇంటి వరండా. హాజరు: నేను, నా భార్య, ఎదురింటి డాబా మీద ఆ ఇంటి కోడలు, ఒక పళ్ళెం గుమ్మడి వడియాలు.

వడియాలను హాజరులో వెయ్యవచ్చునా అని ఎవరైనా అడగవచ్చు. ఈ పూట నా మనసు పాడవడానికి కారణం అవే కాబట్టి వేశాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. ప్రతి పేజీలోనూ మొదటి వాక్యం వాతావరణం, రెండో వాక్యం ఆ పూట దగ్గర ఎవరున్నారన్నది. మిగతా సంగతులు చోటుంటే రాస్తాను, లేకపోతే లేదు. ఇవాళ మా ఆవిడ తెల్లవారుతూనే వడియాలు పెట్టి, ఆ పళ్ళెం మా పెరట్లో కాకుండా వీధి దాటించి ఎదురింటి వాళ్ళ చేతికి అందించింది. ఎందుకని అడిగితే, "మనకి ఎండొచ్చేసరికి బారెడు పొద్దెక్కుతాది. ఆళ్ళకి ముందే వస్తాది కదా" అంది. అంతే. ఉద్యోగం వదిలి ఇన్నేళ్ళయినా, ఎదుటివాడి గోడ మీద ముందుగా పడిన ఎండను నేను మామూలుగా చూడలేను. దీన్ని అసూయ అంటారు. ఇంతకంటే మర్యాదైన మాట కోసం నేను వెతకలేదు.

రాయగడ ఎండల ఊరు. ఇక్కడ ఎండ కోసం ఒకరు ఇంకొకరిని చూసి కుళ్ళుకోవడం నాలుగు వారాల ముచ్చట. నాకు ఆ జబ్బు అంటుకున్నది ఇక్కడ కాదు. లక్ష్మీపూర్ దాటి ఘాటు రోడ్డు దిగితే ఒక లోయ వస్తుంది. ప్రభుత్వ కర్మాగారం ఉద్యోగుల కోసం అందులో ఒక చిన్న కాలనీ కట్టారు. నా సర్వీసులో ఎక్కువ భాగం అక్కడే, స్టోర్సులో గడిచింది. రోడ్డుకి అటొక లైను, ఇటొక లైను క్వార్టర్లు. ఒకే నమూనా, ఒకే సున్నం, ఒకే రకం రేకు తలుపులు. ప్లాను గీసిన ఇంజనీరు రెండు లైన్లనూ చాలా న్యాయంగా సమానంగా గీశాడు. కొండను మాత్రం గీయలేదు. ఆగ్నేయాన దూడ పడుకున్నట్టు ఒక కొండ ఉండేది. చలికాలం సూర్యుడు సరిగ్గా దాని వెనక నుంచి వచ్చేవాడు. కొండ పాదం దగ్గరున్న లైను మాది. అవతలి లైను వాళ్ళు ఎండలో చలి కాచుకుని, స్నానాలు చేసి, టిఫిన్లు తిని, మళ్ళీ చలి కాచుకునేదాకా మాకు సూర్యుడు కనిపించేవాడు కాదు. రోడ్డు మధ్యలో నీడ అంచు సుద్దముక్కతో గీసినట్టు ఉండేది. కాలనీ అంతా అటు వైపును ఎండ లైను అనీ, మా వైపును నీడ లైను అనీ అనేవారు. ఆఫీసు కాగితాల్లో మాత్రం ఏ, బీ.

ఆ లోయ వాతావరణం గురించి చెప్పాలంటే, అక్కడ ఏ కాలమూ మర్యాదగా వచ్చి మర్యాదగా వెళ్ళేది కాదు. ఆషాఢంలో పట్టిన ముసురు దసరా దాకా వదిలేది కాదు. ఉప్పు నీరయ్యేది, అగ్గిపుల్లలు గీస్తే విరిగేవి, మంచం కింద పెట్టిన తోలు చెప్పులకి తెల్లగా బూజు పట్టేది. బట్టలు వంటింట్లో తాళ్ళ మీద ఆరేవి, కనుక ఆఫీసులో ప్రతివాడి చొక్కా నుంచీ వాళ్ళింటి పోపు వాసన వచ్చేది. ఎవరింట్లో ఏ కూరో అడగక్కరలేదు. వానలు వెనకబడ్డాక కొండవాలు చేలలో వలిసెలు పూసేవి. లోయంతా పసుపు ఆరబోసినట్టు ఉండే ఆ పక్షం రోజులు మాత్రం రెండు లైన్ల వాళ్ళూ ఒకరినొకరు ప్రేమగా చూసుకునేవాళ్ళు. ఆ తర్వాత మంచు దిగేది. వాగులోంచి పొగలాగా లేచి ఇళ్ళలోకి వచ్చి కూర్చునేది. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టేది, పెరుగు తోడుకునేది కాదు. అప్పుడు మొదలయ్యేది నీడ లైను ఆడవాళ్ళ వలస. పిండి గిన్నెలు, వడియాల పళ్ళేలు, తల ఆరని పిల్లలు, చంటిబిడ్డలు, ఊలు దారాల ఉండలు, అన్నీ రోడ్డు దాటేవి. ఎవరి ఎదురింటికి వాళ్ళు వెళ్ళేవాళ్ళు. అది ఒక అలిఖిత ఒప్పందం. ఎండ లైను వాళ్ళు కాదనేవారు కాదు. కాకపోతే వాళ్ళ ముఖాల్లో ఆ ఎండను తామే పొయ్యి మీద పెట్టి కాచినట్టు ఒక వెలుగు ఉండేది.

మా ఎదురింటాయన కర్మాగారంలో క్రేన్ నడిపేవాడు. పార్వతీపురం వైపు మనిషి. పిల్లల చదువుల కోసం భార్యాపిల్లలు అక్కడే ఉండిపోతే ఈయన ఒక్కడూ క్వార్టర్లో వండుకు తినేవాడు. ఎక్కువగా మధ్యాహ్నం షిఫ్టు. అంటే ఉదయాలన్నీ ఆయనవే. నాది జనరల్ షిఫ్టు. మా లైనుకి ఎండ వచ్చేవేళకి నేను స్టోర్సు గోడౌన్లో ఉండేవాణ్ణి, అక్కడికి ఎండ ఏ కాలంలోనూ వచ్చేది కాదు. మంకీ క్యాపుతో నేను గేటు తీస్తుంటే ఆయన వట్టి బనీనుతో కూర్చుని రోడ్డు అవతలి నుంచి పలకరించేవాడు. "ఏటి బావా, మీకింకా తెల్లారనేదేటి? మాకు రెండో టీ కూడా అయిపోనాది." నేను నవ్వేవాణ్ణి. పళ్ళు చలికి కొట్టుకుంటున్నప్పుడు నవ్వితే అది నవ్వో వణుకో ఎదుటివాడికి తెలియదు, అదొక్కటే సౌకర్యం.

ఆయన నాకు బావ అయింది మా అమ్మ వల్ల. నాన్న పోయాక అమ్మను పాలకొండ దగ్గరి మా పల్లె నుంచి లోయకి తీసుకొచ్చాను. వచ్చిన మొదటి చలికాలం, గడ్డి మీద తెల్లగా పేరుకున్నది ఏమిటో అమ్మకి అర్థం కాలేదు. ఎవరో సున్నం ఒలకబోశారనుకుంది. మర్నాడు ఒక పీట పట్టుకుని అందరితో పాటు రోడ్డు దాటింది. ఆ పూట మధ్యాహ్నానికల్లా ఆ క్రేన్ ఆయన నాయనమ్మ మా ఊరి ఆడపడుచేనని తేల్చి, ఆయన్ని అల్లుణ్ణి చేసేసింది. ఇక చూడండి. తెల్లారితే పీట, దుప్పటి, కళ్ళజోడు, ప్రయాణం. ఆయన నారాయణపట్న సంత నుంచి తెచ్చిన అల్లం దంచి టీ పెట్టేవాడు. మా ఇంట్లో టీ వద్దంటే వద్దనే మనిషి అక్కడ రెండు గ్లాసులు తాగేది. మా గుమ్మడికాయతో, మా మినప్పప్పుతో పెట్టిన వడియాలు ఆయన వాకిట్లో ఎండేవి కనుక మొదటి వాయి ఆయన మూకుట్లోనే వేగేది. ఆ వాసన రోడ్డు దాటి మా ఇంటికి వచ్చేది. వడియాలు తర్వాత ఎప్పుడో వచ్చేవి.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అమ్మ ఇంట్లోనే ఉండడానికి ఒక కరెంటు హీటరు కొన్నాను. ఇనుము వాసన వేస్తోందని దాని మీద తడి తువ్వాళ్ళు ఆరేసింది. కొరాపుట్ వెళ్ళినప్పుడు మెత్తటి ఊలు శాలువా ఒకటి తెచ్చాను. కప్పుకుని చాలా సంతోషించి, నేరుగా అవతలికి వెళ్ళింది. నేను గేటు దగ్గర చెప్పులు తొడుక్కుంటూ విన్నాను.

"ఎవులు కొన్నారత్తా? మెత్తగా ఉన్నాది."

"మా వోడు కొన్నాడు. ఇంట్లో కప్పుకోమన్నాడు. ఇంట్లో కప్పుకుంటే ఎవులు సూస్తారు?"

ఇవన్నీ పెద్ద విషయాలు కావు. నన్ను నిజంగా కోసినవి ఆయనకి తెలిసిన సంగతులు. చిన్నప్పుడు నేను గేదెను చూసి గాదెలోకి దూరేవాణ్ణని ఒకరోజు క్యాంటీన్లో నలుగురి ముందూ అన్నాడు. నేనే మరచిపోయిన నా బాల్యం ఆయన దగ్గర భద్రంగా ఉంది. సరే, నవ్వేశాను. ఇంకోరోజు, లక్ష్మీపూర్ సంతలో చిక్కుడు గింజలు కొంటూ పక్కన నిలబడి మెల్లగా అడిగాడు: "మీ అయ్య పోయే ముందు ఈ కొండలు సూడాలనుకునీవోడంట కదా బావా?" నాకు తెలియదు. మా నాన్న ఊరు దాటి వెళ్ళడానికి ఇష్టపడేవాడు కాదనుకుని, నేనే ఎప్పుడూ పిలవకుండా ఉండిపోయాను. ఆ కోరిక సంగతి మూడో మనిషి నోటి నుంచి, సంతలో, గింజల బేరం మధ్య వినవలసి వచ్చింది. ఆ సాయంత్రం అమ్మను అడిగాను, నాకెందుకు చెప్పలేదని. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నీ కాడ కూకుంటే నువ్వు రాసుకుంటావు. ఆడు ఇంటాడు."

ఆ రాత్రి డైరీలో వాతావరణం ఒక్కటే రాశాను. మంచు దట్టంగా ఉంది అని.

అప్పుడు నాకొక నమ్మకం కలిగింది: ఇదంతా ఎండ చేస్తున్న పని. ఎండ నా వాకిట్లో ఉంటే అమ్మ నా వాకిట్లో ఉంటుంది, అమ్మ మాటలు నావి అవుతాయి. మరుసటి ఏడు దసరా వెళ్ళాక క్రేన్ బావ పక్క క్వార్టరు ఖాళీ అయింది. అందులో ఉన్న ఫోర్‌మన్ రిటైరై వెళ్ళిపోయాడు. ఆ మర్నాడే నేను ఎస్టేట్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. అక్కడి గుమాస్తా ఒడియా ఆయన, మంచివాడు. రెండు క్వార్టర్లూ ఒకే కొలత అయినప్పుడు ఎందుకు మారుతున్నావని అడిగాడు. ఎండ కోసమన్నాను. ఫారంలో అలాంటి కారణానికి చోటు లేదని విచారపడి, మా అమ్మకి మోకాళ్ళ నొప్పులని రాయమన్నాడు. మా అమ్మ మోకాళ్ళు నా మోకాళ్ళ కంటే గట్టివి. అయినా రాశాను. ఆ కాగితం చేతులు మారి, బల్లలు మారి, నేను రోజూ వెళ్ళి దానికి తోడుగా నిలబడితే, చివరికి మార్గశిరం ముగిసేవేళకి తాళంచెవి నా చేతికి వచ్చింది. లోయలో చలి అప్పుడే పళ్ళు బయటపెడుతోంది. ఆ ఆదివారమే సామాను మార్చేద్దామని ఇద్దరు కూలీలను మాట్లాడుకుని ఇంటికి వచ్చి చెప్పాను.

అమ్మ నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "నెల పట్టేసినాది కదరా. నెల పట్టేక గడప మారతారేటి? దాని ఎనకాతల పుష్యం. మాఘంలో సూద్దాం."

నేను ఉద్యోగుల క్వార్టరుకి ధనుర్మాసం ఏమిటన్నాను. అది సొంత గడప కాదన్నాను. మా ఆవిడ అత్తగారి పక్షం చేరింది. ఆ నెలలో పాలు పొంగిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి మా కాలనీలోని తెలుగు ఇళ్ళన్నీ తలో ఉదాహరణా ఇచ్చాయి. కూలీలను పంపేశాను.

ఆ విధంగా, లోయలో చలి ముదిరిన రోజులన్నీ ఎండ లైనులో ఒక క్వార్టరుకి యజమానినై ఉండి, నీడ లైనులో వణుకుతూ గడిపాను. ఆ ఏడు చిక్కుడు పాదులు ఆకులు మాడి నల్లబడ్డాయి. తెల్లవారి కుళాయి తిప్పితే మొదట దగ్గు, తర్వాత నీళ్ళు వచ్చేవి. డ్యూటీకి వెళ్తూ నేను రోజూ రోడ్డు దాటి ఆ ఖాళీ ఇల్లు తాళం తీసేవాణ్ణి. ముందు గది కిటికీలోంచి ఎండ నేల మీద పడి ఉండేది. ఎవరూ లేని గచ్చు హాయిగా చలి కాచుకుంటోంది. దాన్ని చూసి కూడా నాకు ఓర్వలేనితనం వచ్చేది. కాసేపు అందులో నిలబడి మళ్ళీ తాళం వేసేవాణ్ణి. గోడ అవతల అమ్మా, అల్లుడూ మాట్లాడుకునే మాటలు గొణుగుడుగా వినిపించేవి, ఒక్క ముక్కా తెలిసేది కాదు. ఒకరోజు చూస్తే ఆయన తన స్తంభం నుంచి మా స్తంభానికి తాడు కట్టి లుంగీలు, దుప్పట్లు, ఎండుమిరపకాయల సంచీ కూడా వేలాడదీశాడు. నేను గుమ్మంలో నిలబడి దగ్గాను. ఆయన ఏమాత్రం తడబడలేదు.

"ఎండ ఊరికినే పోతన్నాది కదా బావా."

పీట మీద నుంచి అమ్మ, నిజమే అన్నట్టు తల ఊపింది.

మాఘం వచ్చింది. మంచి గురువారం చూసి పాలు పొంగించాం. క్రేన్ బావ షిఫ్టు మార్చుకుని వచ్చి, అమ్మ ట్రంకుపెట్టెను కూలీలకివ్వకుండా తనే భుజాన వేసుకుని మోశాడు. నేను రోడ్డు మధ్యలో నిలబడి, ఏ సామాను ముందు, ఏది వెనక అని చెబుతున్నాను. మా ఆవిడ ఆఖరి విడతగా పాత ఇంటి చీపురు, చేట పట్టుకుని బయటికి వచ్చి మెట్ల మీద ఆగిపోయింది. "ఇటు సూడండి" అంది. పాత ఇంటి మెట్ల మీద ఎండ ఉంది. రోడ్డు మధ్యలో నేను నిలబడ్డ చోట నీడ అంచు లేదు. సూర్యుడు కొండ భుజం వదిలి ఉత్తరానికి జరిగి, వెనక నుంచి కాకుండా పక్కనున్న సందులోంచి వస్తున్నాడు. రెండు లైన్ల మీదా ఒకే వేళకి, ఒకే రంగు ఎండ. ప్రతి మాఘంలోనూ అంతే. ప్రతి మాఘంలోనూ ఆ మాట డైరీలో నా చేత్తోనే రాసుకున్నాను. క్రేన్ బావ ట్రంకు దించి, చెమట తుడుచుకుని, నావైపూ మెట్లవైపూ చూశాడు.

"రోజూ రాస్తావు గాని, ఎనక్కి తిప్పి సూడవేటి బావా?"

కూలీలు కూడా నవ్వారు. వాళ్ళకి తెలుగు రాదు.

ఆ సాయంత్రం ఆయన భోజనం మా ఇంట్లోనే. అమ్మ కొసరి కొసరి వడ్డించింది. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి, "ఇంక నీకేటి బావా. ఎండొచ్చినాది, అమ్మ ఎలాగూ ఉన్నాది" అన్నాడు. రోజూ వేళాకోళం చేసే గొంతు కాదది. సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం నేను సెలవు పెట్టాను. అమ్మ పీట పక్కన నా కుర్చీ వేసుకుని ముందే కూర్చున్నాను. అమ్మ శాలువా కప్పుకుని వచ్చి నన్ను చూసి, "డూటీకెల్లవేటి? ఒంట్లో బాగునేదా?" అని నుదుటి మీద చెయ్యి వేసింది. సెలవు పెట్టానని చెప్పాను. కూర్చుంది. ఎండ వచ్చింది. వెచ్చగా, మెత్తగా, నేను ఇన్నాళ్ళూ ఊహించుకున్నట్టే ఉంది. ఇద్దరం కొండకేసి చూశాం. చాలాసేపు చూశాం. చివరికి నేనే, నాన్న ఈ కొండలు చూడాలని ఎప్పుడన్నాడమ్మా అని అడిగాను. అమ్మ నావైపు తిరిగింది. చెప్పడానికి గొంతు సవరించుకుంది. అంతలో ఆమె చూపు పిట్టగోడ మీదుగా అవతలికి వెళ్ళి ఆగిపోయింది. అవతలి వాకిట్లో కుర్చీ లేదు, టీ గిన్నె లేదు, మనిషి లేడు.

"అల్లుడేడి? ఎల్లి పిలు."

పడుకుని ఉంటాడన్నాను.

"ఈ ఏల పడుకోడు. పిలు."

అక్కడ కూర్చుని ఇంకొక్క మాట అంటే ఆ కథ కూడా దక్కదని తెలుస్తూనే ఉంది. లేచాను. ఆయన తలుపు తీసే ఉంది. ఇంట్లో లేడు. వంటిల్లు దాటి వెనక గుమ్మంలోకి వెళితే, పడమటి వైపు మెట్ల మీద, నీడలో, దుప్పటి కప్పుకుని ఒక్కడూ టీ తాగుతున్నాడు. ఎండ లైనులో మనిషి అలా వణకడం నేను చూడలేదు. నన్ను చూసి గ్లాసు కింద పెట్టాడు.

"తల్లీ కొడుకులు మాటాడుకుంటారని..." అని ఆగిపోయాడు.

అమ్మ పిలుస్తోందన్నాను. ఆయన లేచిన తొందరకి గ్లాసు దొర్లి మెట్లంతా టీ అయింది. నా ముందే వెళ్ళిపోబోతుంటే ఆపి, కుర్చీ మాత్రం నువ్వే తెచ్చుకో అన్నాను. తెచ్చుకున్నాడు. అమ్మకి అటొకరం, ఇటొకరం కూర్చున్నాం. అమ్మ, ఆయన ఎన్నోసార్లు విన్న ఆ కథను నా కోసం మొదటి నుంచీ మొదలుపెట్టింది. నాన్న మా పెరటి దిబ్బ మీద నిలబడి మబ్బుల్లేని రోజున ఉత్తరం వైపు చెయ్యి చూపించి, అదిగో ఆ నీలంగా కనిపించేవాటి అవతల మనోడున్నాడు అనేవాడట. నేను మర్యాదగా మొదటిసారి విన్నాను. ఆమె మరచిపోయిన చోటల్లా ఆయన అందించాడు. పీట కొంచెం ఆయన వైపే తిరిగి ఉంది. అది నేను గమనించకపోలేదు. అమ్మకి ఆ తర్వాత మిగిలినవి కొన్ని చలికాలాలే. ఆ సంగతి తెలియదు కనుక ఆ పూట మేం ఎవరం తొందరపడలేదు, ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం.